ఫ్రెంచి తిట్లలో ఆడవాళ్లు

ఒక భాష ఆడవాళ్లని ఎలా చూస్తుందో తెలియాలంటే దాని తిట్లు వింటే చాలనిపిస్తుంది నాకు. ప్రేమభాషగా పేరుపడ్డ ఫ్రెంచినే తీసుకోండి.

కాలికి రాయి తగిలినా, బస్సు తప్పిపోయినా ఫ్రెంచివాళ్ల నోట వచ్చే మాట 'ప్యుతేఁ'. అర్థం వేశ్య. దీని వేరు లాటిన్ 'పుతిదుస్', అంటే కంపు కొట్టేది. అమ్ముకున్న ఆడదానికి కంపు అంటగట్టిన భాష, కొనుక్కున్న మగవాడి జోలికి పోలేదు.

'కోఁ' అంటే ఇవాళ మూర్ఖుడు. లాటిన్ 'కున్నుస్' నుంచి వచ్చిన ఈ మాటకి అసలర్థం స్త్రీ జననాంగం. అందరూ పుట్టిన చోటే తెలివితక్కువతనానికి పేరైంది! గాయకుడు జార్జ్ బ్రాసెన్స్ 1972లో 'ల బ్లజోఁ' అనే పాటలో ఈ అన్యాయానికి వాపోయాడు.

'గార్స్' ఒకప్పుడు ఉత్త 'అమ్మాయి'. 'గా', అంటే కుర్రాడు, అన్న మాటకి స్త్రీలింగం. కుర్రాడు కుర్రాడిగానే ఉండిపోయాడు, అమ్మాయి మాత్రం చెడిపోయినదైంది. అలాగే 'కుర్తిజాఁ' రాజాస్థానంలో మసిలే పెద్దమనిషి, 'కుర్తిజాన్' వేశ్య. మనకిది కొత్తేం కాదు. 'ముండ' అంటే గుండు. భర్త పోయిన స్త్రీకి తల గొరిగించి, ఆ గుండునే తిట్టుగా మార్చుకున్నాం.

'సలోప్' మొదట్లో శుభ్రత లేని మనిషి. తర్వాత శీలంలేని ఆడది. 1971 ఏప్రిల్ 5న 343 మంది స్త్రీలు 'మేం గర్భస్రావం చేయించుకున్నాం' అని పత్రికాముఖంగా ప్రకటించారు. అప్పటికది నేరం. ప్రకటన రాసింది సిమోన్ ద బువా. వారం తర్వాత 'షార్లీ ఎబ్దో' ముఖచిత్రం రాజకీయ నాయకుల్ని వెక్కిరిస్తూ, ఈ స్త్రీలని '343 సలోప్‌లు' అంది. ఎగతాళి మగనాయకుల మీద, మచ్చ ఆడవాళ్ల మీద! ఆ పేరే చరిత్రలో నిలిచిపోయింది. 1975లో గర్భస్రావం చట్టబద్ధమైంది. 2024లో ఆ స్వేచ్ఛ రాజ్యాంగంలోకీ ఎక్కింది. 'సలోప్' మాత్రం ఇంకా తిట్టే.

మన కథల్లోనూ పాత్రలు తిట్టుకుంటాయి. ఆ మాటల్ని చుక్కలు పెట్టి దాచెయ్యమని నేననను. దాస్తే వాటి వెనకున్న చరిత్ర కూడా మరుగున పడుతుంది. కానీ కోపమొచ్చిన పాత్ర నోట్లో ఆ మాట పెట్టేముందు, అది ఏ ఆడదాని ఒంటిమీంచి, ఏ అవమానంలోంచి వచ్చిందో రాసే మనకి తెలిసుండాలి.