తోడు ట్రాన్స్‌మిటర్ ఎవరికుంది?

రేడియో చరిత్ర రాసినవాళ్లు గొంతుల గురించి రాశారు. పాటల గురించి, నాటకాల గురించి రాశారు. ట్రాన్స్‌మిటర్‌ను మాత్రం ఇంజనీర్ల యవ్వారమని వదిలేశారు. మేము అలా అనుకోవడం లేదు. ఏ గొంతు ఆగిపోకూడదని రాజ్యం అనుకుందో, ఏది ఆగిపోయినా ఫరవాలేదనుకుందో తెలియాలంటే ట్రాన్స్‌మిటర్ గదిలోకి పోయి చూడాలి. అక్కడ యంత్రాలు ఎన్ని ఉన్నాయి, వాటి మీట ఎవరి చేతిలో ఉంది అన్నవి చరిత్ర ప్రశ్నలే.

మన దేశంలో ఎఫ్.ఎం. ప్రసారం 1977 జూలై 23న మద్రాసులో మొదలైంది. తర్వాతి కాలంలో ఆకాశవాణి చిన్న పట్టణాల్లో పెట్టిన స్థానిక కేంద్రాల్లో చాలా వాటికి 6 కిలోవాట్ల ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటర్లు ఇచ్చారు. పేరుకు ఒకటే గానీ లోపల 3 కిలోవాట్లవి రెండుంటాయి. కంబైనర్ అనే పరికరం రెండింటి శక్తినీ కలిపి ఒకే యాంటెన్నాకు పంపుతుంది. జోడెద్దుల్లో ఒకటి పడిపోతే సగం బలం మిగులుతుందని మనం లెక్క కడతాం. ఇక్కడ ఆ లెక్క నడవదు. మిగిలిన యంత్రం శక్తిలో సగాన్ని కంబైనర్ డమ్మీ లోడ్‌లోకి నెట్టి వేడి కింద పోగొడుతుంది. యాంటెన్నాకు చేరేది 1.5 కిలోవాట్లే, అంటే నాలుగో వంతు. డ్యూటీలో ఉన్నవాళ్లు కంబైనర్‌ను తప్పించి బాగున్న యంత్రాన్ని నేరుగా యాంటెన్నాకు కలిపితే అప్పుడు 3 కిలోవాట్లు పోతాయి. మనిషి చెయ్యి పడితే తప్ప నాలుగో వంతు సగం కాదు. ఇంకో ఏర్పాటు కూడా ఉంది. ఒక యంత్రం పనిచేస్తుంటుంది, రెండోది కాచుకుని ఉంటుంది. దాన్ని స్టాండ్‌బై అంటారు. కొన్ని చోట్ల నాలుగైదు ఫ్రీక్వెన్సీలకు కలిపి ఒకటే స్టాండ్‌బై పెడతారు. ఏది ఆగితే దాని ఫ్రీక్వెన్సీని ఇది ఎత్తుకోవాలి.

ఆ చెయ్యి ఎవరిది? షిఫ్టుల్లో కూచుని ఫార్వర్డ్ పవర్ ఎంత, రిఫ్లెక్టెడ్ పవర్ ఎంత అని గంటగంటకూ లాగ్ బుక్కులో రాసిన టెక్నీషియన్‌ది. అనౌన్సర్ కావాలంటే గొంతు పరీక్ష పాసవ్వాలి. ఆ పరీక్షలో ఏ వాడ పలుకుబడిని శుద్ధమన్నారో ఈ పత్రిక పాఠకులకు మేము చెప్పనవసరం లేదు. గొంతుతో పనిలేని ఈ గదిలోకైతే ఐ.టి.ఐ., డిప్లొమా సర్టిఫికెట్లు పట్టుకుని, రిజర్వేషన్ మీద మన పిల్లలు పోవడానికి దారి ఉండేది. ఇవాళ ఆ దారి సన్నబడుతోంది. ఎందుకో చూద్దాం.

1988లో ఇంటర్నెట్ ఇంజనీర్లు ఎస్.ఎన్.ఎం.పి. అనే పద్ధతిని రాసిపెట్టారు. నెట్‌వర్క్ పరికరాలను దూరం నుంచి చూసుకోవడానికి చేసుకున్న ఏర్పాటది. ట్రాన్స్‌మిటర్లు తయారుచేసేవాళ్లు తర్వాత దాన్నే తీసుకున్నారు. ఇప్పుడు ఎక్కడో కూచున్న ఇంజనీరు కంప్యూటర్ తెర మీద పవర్, యంత్రం వేడి చూడొచ్చు. ఏదైనా తేడా వస్తే యంత్రమే ‘ట్రాప్’ అనే కబురు పంపుతుంది. ఫ్రీక్వెన్సీ మార్చొచ్చు, పవర్ తగ్గించొచ్చు, స్టాండ్‌బైని యాంటెన్నాకు మళ్లించొచ్చు. గదికి తాళం వేసి ఉన్నా సరే.

ఇందులో ఒక ముచ్చట ఉంది. ఈ పద్ధతి తొలి రూపాల్లో లోపలికి పోనిచ్చే సంకేతపదాన్ని ‘కమ్యూనిటీ’ అన్నారు. చాలా పరికరాల్లో ఫ్యాక్టరీ పెట్టి పంపిన మాటలు రెండు: చదవడానికి ‘పబ్లిక్’, మార్చడానికి ‘ప్రైవేట్’. పబ్లిక్ చూడొచ్చు, ముట్టుకోరాదు. కులం సంగతి తెలిసి పెట్టిన పేర్లు కావవి. అయినా గుడి మెట్ల కింద నిలబడి చూసినవాళ్ల పిల్లలకు ఈ తేడా ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ మాటలు నెట్‌వర్క్ మీద దాపరికం లేకుండా పోయేవి. గుర్తింపు తనిఖీ, రహస్య లిపి తర్వాతి రూపంలో గానీ రాలేదు.

‘పబ్లిక్’ అన్న మాటే 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టులో వినిపించింది. క్రికెట్ ప్రసారం మీద వచ్చిన కేసులో, గాలితరంగాలు ప్రజల ఆస్తి అని కోర్టు తీర్పు చెప్పింది. ఆ ఆస్తిలో జహీరాబాద్ ప్రాంతపు దళిత స్త్రీల వాటా ఎప్పుడు చేతికొచ్చింది? పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల కోసం మాచునూర్‌లో 1998లో యునెస్కో సాయంతో స్టూడియో కట్టారు. లైసెన్సు మాత్రం రాలేదు. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ విత్తనాల గురించి, పంటల గురించి, ఆరోగ్యం గురించి రికార్డు చేస్తూనే ఉన్నారు. ఆ క్యాసెట్లను సంఘం మీటింగుల్లో వినిపించేవారు. ట్రాన్స్‌మిటర్ లేని పదేళ్లు వాళ్లకు నెట్‌వర్క్ అంటే క్యాసెట్ చేతబట్టుకుని పోయిన మనిషే.

ఈలోగా చదువుల సంస్థలకు ముందు తలుపు తెరిచారు. 2004 ఫిబ్రవరి 1న అన్నా యూనివర్సిటీ రేడియో మొదలైంది. పౌర సంఘాలకు అర్హత 2006లో గానీ రాలేదు. సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద 2008 అక్టోబర్ 15న పలికింది.

వాళ్లకు దక్కిందెంత? సామాన్యంగా 100 వాట్ల ఇ.ఆర్.పి., 30 మీటర్లకు మించని యాంటెన్నా. ఆకాశవాణి కూడా ఇంచుమించు ఇదే స్థాయిలో 100 వాట్ల రిలే ట్రాన్స్‌మిటర్లు పెట్టింది. వాటిలో మనుషులుండరు. దూరపు గొంతును తిరిగి పలకడమే వాటి పని. అవే వాట్లు, ఒకచోట గొంతు ఉంది గానీ రెండో యంత్రం కొనే స్తోమత అరుదు, ఇంకోచోట వెనక సర్కారు ఉంది గానీ ఊరి గొంతు లేదు.

మానిటరింగ్ అనే మాటకు ఇక్కడ రెండు అర్థాలు తేలుతున్నాయి. పెద్ద కేంద్రాల్లో అది గొంతు ఆగకుండా చూసే కాపలా. కమ్యూనిటీ రేడియో దగ్గరికొచ్చేసరికి గొంతు హద్దు దాటకుండా చూసే కాపలా. ప్రసారమైన కార్యక్రమాలను మూడు నెలలు దాచిపెట్టాలి. సొంతంగా వార్తలు చెప్పరాదు. ఆకాశవాణి వార్తలను ఉన్నవున్నట్టు వినిపించడానికి మాత్రం తర్వాత వీలిచ్చారు. రాజ్యానికి వాళ్ల మాట మీద ఇంత పట్టింపు ఉంది. వాళ్ల ట్రాన్స్‌మిటర్ వేడి మీద, చెడితే ఎన్నాళ్లు మూగబోతుందన్న దాని మీద లేదు. ఒక జిల్లాలోని చిన్న రేడియోలన్నిటికీ కలిపి, ఏ ఫ్రీక్వెన్సీకైనా మళ్లించగల ఒక స్టాండ్‌బైని సర్కారు ఖర్చుతో ఎందుకు పెట్టకూడదు? సాంకేతికంగా ఇందులో వింతేమీ లేదు. పైన చెప్పుకున్న ఏర్పాటే. ఆ తెర ముందు కూచుని ‘చదవడమే’ కాదు, ‘మార్చడం’ కూడా ఆ ఊళ్ల ఆడపిల్లలకు నేర్పాలి. ‘ప్రైవేట్’ మాట వాళ్ల దగ్గరుండాలి.

పరిశోధక విద్యార్థులకు ఒక పని మిగిలి ఉంది. ట్రాన్స్‌మిటర్ గదుల్లో పనిచేసి రిటైరైన మనవాళ్లు ఇంకా ఉన్నారు. ఏ రాత్రి ఏ యంత్రం ఆగింది, ఎవరు లేచి కేబుల్ మార్చారు అన్నది వాళ్ల నోళ్లలో ఉంది, లాగ్ బుక్కుల్లో ఉంది. ఆ బుక్కులు చిత్తుకాగితాల కింద తూకానికి పోకముందే తెచ్చుకోవాలి.