బొబ్బిలి యుద్ధము - పక్షపాత సాక్ష్యములు

1757 జనవరి 24వ తేదీన జరిగిన బొబ్బిలి యుద్ధమును గూర్చి మనకు లభించు ప్రధాన కథనములలో నిష్పక్షపాతమైనది లేదు. దిట్టకవి నారాయణకవి 'రంగరాయ చరిత్ర'యు, జంగములు పాడు బొబ్బిలి కథయు బొబ్బిలివారి పక్షము వహించినవి. 1778లో వెలువడిన సంపుటమున ఈ వృత్తాంతమును వ్రాసిన రాబర్టు ఆర్మ్, ఫ్రెంచివారికి ప్రత్యర్థియైన ఇంగ్లీషు కంపెనీకి చెందినవాడు.

పరదేశీయుడైన బుస్సీ జోక్యమే సర్వనాశహేతువని వాదించువారు కలరు. కోటను బద్దలు కొట్టినవి ఆతని ఫిరంగులే. కాని 1753లో సలాబతుజంగు నుండి ఫ్రెంచివారు పొందిన ఉత్తర సర్కారులలో అధికారము నెలకొల్ప వచ్చిన బుస్సీని బొబ్బిలిపైకి పురికొల్పినది విజయరామరాజు వైరమే. తాండ్ర పాపారాయుడు ఆ రాజును వధించిన పిమ్మట, వారసుడు ఆనందరాజు 1758లో ఫ్రెంచివారి నుండి విశాఖపట్టణమును గైకొని ఇంగ్లీషువారిని ఆహ్వానించెను. ఫోర్డు వచ్చి చందుర్తి వద్ద జయించెను. జోక్యమును నిందించువారు ఈ ఆహ్వానములను మఱచుట తగదు.

పక్షపాతి యని సాక్షిని త్రోసిపుచ్చరాదు. స్వపక్షమునకు లాభింపని చోట ఆతడేమి చెప్పెనో చూడవలయును. రంగారావు కుమారుని బుస్సీ ఆదరించెనని ఇంగ్లీషువాడైన ఆర్మ్ వ్రాసిన మాట అట్టి సాక్ష్యము. బాల్యము నుండి బొబ్బిలి కథ విని కంట తడిపెట్టిన మనమును ఒక పక్షమువారమే. ఈ పరీక్షకు మన అభిప్రాయములును లోబడవలయును.