చుక్క కనబడని పైపు

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి కారుకి పెట్రోల్ పంపు లేదు. ట్యాంకు సీటు కింద ఉండేది. పెట్రోలు తన బరువుతోనే సన్నని గొట్టంలోంచి కార్బొరేటర్‌కి జారేది. అందుకే ట్యాంకు అడుగంటినప్పుడు నిటారైన ఎత్తు ఎక్కాలంటే బండిని వెనక్కి తిప్పి రివర్సులో ఎక్కించేవాళ్లు. ట్యాంకు కింది గిన్నెలో పేరుకున్న నీళ్లూ మడ్డీ వదిలేయడం కారున్నవాళ్లకి మామూలు పని. ఆ పని కోసం వంగినప్పుడల్లా పైపు కంటబడేది, కారితే చుక్క నేలమీదే తెలిసిపోయేది. పైపుల నాణ్యత పెరిగాక ఈ చూపు అక్కర్లేదని చాలామంది నమ్మకం. ఈ గొట్టం చరిత్ర మాత్రం అందుకు ఎదురుగా సాక్ష్యం చెబుతోంది.

రాగి గొట్టం ఇంజిన్ అదురుకి క్రమంగా బిరుసెక్కి పగులుతుంది కాబట్టి ఉక్కు గొట్టాలు వచ్చాయి. అదిరే ఇంజిన్‌కీ కదలని చట్రానికీ మధ్య వంగే ముక్క కావాలి. మామూలు రబ్బరేమో పెట్రోల్లో నాని ఉబ్బుతుంది. 1930లలో జర్మనీలో పుట్టిన నైట్రైల్ రబ్బరు ఆ చిక్కు తీర్చింది. కార్బొరేటర్ బళ్లలో పంపు ఒత్తిడి సుమారు 0.3 బార్, అంతే. క్లిప్పు కాస్త వదులైనా చెమ్మగిల్లేది, చుక్క రాలేది. 1967లో ఫోక్స్‌వాగన్ 1600లో వచ్చిన బాష్ డి-జెట్రానిక్ ఇంజెక్షన్‌తో ఆ ఒత్తిడి 2 బార్‌కి పెరిగింది, తర్వాతి బళ్లలో ఇంకా పైకి వెళ్లింది. ఇంత ఒత్తిడి దగ్గర సూదిమొనంత పగులు చాలు, పెట్రోలు తుంపరగా చిమ్ముతుంది. వేడెక్కిన ఇంజిన్ దగ్గర అది నేలమీద చుక్క పడకుండానే ఆవిరైపోవచ్చు. మిగిలే ఆధారం వాసనొక్కటే.

ఇప్పటి నైలాన్ గొట్టాలు కారు ఉన్నంతకాలం ఉంటాయి కదా అంటారు. నిజమే, గొట్టం మన్నుతుంది. కానీ చాలా బళ్లలో ఇంజిన్ దగ్గర ఇంకా రబ్బరు ముక్కలున్నాయి, వాటికి వయసు కిలోమీటర్లతో కాక ఏళ్లతో వస్తుంది. షెడ్డులో కదలకుండా ఉన్న బండికీ వస్తుంది. పైగా ఇంధనమే మారింది. 2003లో ఆంధ్రప్రదేశ్ సహా తొమ్మిది రాష్ట్రాల్లో 5 శాతం ఇథనాల్‌తో మొదలైన కలపడం ఇప్పుడు 20 శాతానికి చేరింది. పాత రబ్బర్లు అంత ఇథనాల్‌ని ఉద్దేశించి చేసినవి కావు. పట్టుకుంటే మెత్తగా ఉబ్బినా, వంచితే వెంట్రుకవాసి బీటలు కనబడినా ఆ ముక్క మార్చాల్సిందే.

అయితే ఒత్తిడి ఉన్న పైపుని మోడల్ టి గొట్టంలా విప్పకూడదు. ఇంజిన్ చల్లారాక పంపు ఫ్యూజు తీసి, మళ్లీ స్టార్ట్ చేసి దానంతటదే ఆగిపోయేదాకా ఇంజిన్‌ని నడవనివ్వాలి. తర్వాత బ్యాటరీ నెగటివ్ వైరు విప్పాలి. దగ్గర్లో నిప్పూ సిగరెట్టూ ఉండకూడదు. కార్బొరేటర్ బండి రబ్బరు ముక్క చేతికి అచ్చం ఇంజెక్షన్ బండి ముక్కలాగే ఉంటుంది, ధరా తక్కువే, కానీ ఇంజెక్షన్ ఒత్తిడికి అది ఆగదు. దాన్ని ఇక్కడ బిగించడం అన్నిటికన్నా ప్రమాదమైన తప్పు. బిగించాక ఫ్యూజూ వైరూ పెట్టి, స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం రెండుమూడుసార్లు తిప్పి, పొడి కాగితంతో ప్రతి అతుకూ తుడిచి చూడాలి. కాగితం తడిస్తే స్టార్ట్ చేయకుండా మళ్లీ విప్పాలి.