ఊరుమ్మడి పానశాల

పానశాల యనగానే మనలో పలువురు మొగము చిట్లింతురు. మద్యమును సమర్థించుట మా యుద్దేశము కాదు. కాని ఇంగ్లండులో ‘పబ్బు’ మన రచ్చబండవంటిది. ఇరుగుపొరుగువారు సాయంకాలము కలిసికొను తావు.

దక్షిణ లండనులోని నన్‌హెడ్ పేటయందు ‘ఐవీ హౌస్’ అను పబ్బు కలదు. 1930ల నాటి కట్టడము. లోపల చెక్కపలకల గోడలు, పాటకచేరీలకొక వేదిక. 2012 ఏప్రిలులో, నడుపుచున్నవారిని వారము దినముల గడువుతో ఖాళీ చేయుమనిరి. అచట నివాసగృహములు లేచునేమోయని పేటవారు కలవరపడిరి. భవనము రక్షిత కట్టడముల పట్టిక కెక్కినది గనుక కూల్చుట కష్టమైనది. అమ్మకమునకు మాత్రము అడ్డు లేదు.

అప్పుడు 2011 నాటి ‘లోకలిజం’ చట్టము అక్కరకు వచ్చినది. ఊరికి ఉపయుక్తమని నమోదైన ఆస్తిని అమ్మదలచినచో, కొనగోరు స్థానిక సంఘమునకు ఆరు నెలల వ్యవధి దొరకును. వారికే అమ్మవలెనని నిర్బంధము లేదు. చట్టమిచ్చునది కాలమే, ధనము కాదు! అట్లు దేశమున మొదట నమోదైనది ఐవీ హౌసే. ధనమునకై పేటవారు ఋణములు తెచ్చిరి, వాటాలమ్మిరి. 2013లో పబ్బును కొనిరి. వాటాదారులు 371 మంది. ఆ ఆగస్టులో తలుపులు మరల తెరచుకొన్నవి.