తొంభయ్యవ దశకం నిజంగా అంత నిర్మలమా?

తొంభయ్యవ దశకంలో బాల్యం గడిపినవారు నేడు తల్లిదండ్రులయ్యారు. నలుగురు కలిసినచోట వారి నోట తరచుగా ఒక మాట వినిపిస్తూంటుంది: మా చిన్ననాటి వినోదం నిర్మలమైనది, ఇప్పటి పిల్లల చేతి ఫోనులో రక్తపాతం తప్ప మరేమీ లేదు అని. వెనుకటి రోజులే మంచివనుకోవడం నన్నయగారి నాటికే ఉన్న అలవాటు కనుక ఆ మాటను తప్పు పట్టనక్కరలేదు. అయితే అందులోని ఆవేదన ఎంత నిజమో, అందులోని చరిత్ర అంత నిజం కాదు. ఈ రెంటినీ వేరుచేసి చూడడమే ఈ టపా ఉద్దేశం.

ఆ దశకపు గుమ్మంలో నిలిచిన చిత్రం రామ్‌గోపాల్ వర్మ 'శివ'. 1989 అక్టోబరులో విడుదలయింది. సైకిలు చైను ఆయుధమవుతుందని తెలుగునాట కుర్రకారుకు తెలిపినది అదే. 1991 ఆరంభంలో గల్ఫ్ యుద్ధం టెలివిజన్ తెరమీద ప్రత్యక్షప్రసారమయింది. ఆ ఏడాదే స్టార్ టీవీ, మరుసటి ఏడాది జీ టీవీ వచ్చాయి. 1995లో తెలుగువారి ఇళ్లలోకి జెమిని, ఈటీవీ అడుగుపెట్టాయి. కార్టూన్ నెట్‌వర్క్ మన దేశానికి వచ్చినదీ ఆ సంవత్సరమే. దశకం చివర, 1999 సంక్రాంతికి వచ్చిన 'సమరసింహారెడ్డి'తో సీమ కక్షల కథలకు ఒక ఒరవడి ఏర్పడింది. అంటే హింస నట్టింట కాపురం పెట్టిన దశకం సరిగ్గా ఇదే. నిర్మలమని మనం తలచుకుంటున్నదీ దీనినే!

పిల్లల కోసమని తీసినవి మాత్రం వివాదానికి అతీతమా? 1997లో దూరదర్శన్‌లో మొదలైన 'శక్తిమాన్'ను తలచుకోని వారుండరు. తమను అతడు వచ్చి కాపాడతాడన్న నమ్మకంతో పిల్లలు ప్రాణాపాయకరమైన సాహసాలకు దిగారన్న వార్తలు ఆనాడు పత్రికలలో వచ్చాయి. ఆ వార్తలలో సత్యమెంత అన్నదానిపై వాదోపవాదాలు జరిగాయి. చివరకు ఆ పాత్రధారి ముకేశ్ ఖన్నా తెరమీదికి వచ్చి, ఇటువంటివి అనుకరించవద్దని పిల్లలకు చెప్పవలసి వచ్చింది. అంతకుముందు 1988–90 నడుమ ప్రసారమైన 'మహాభారత్'లో భీష్ముడు కూడా ఆయనే. ఆ ధారావాహికలో అంపశయ్య, దుశ్శాసన వధ, ఊరుభంగం అన్నీ ఉన్నవే. ఆదివారం ఉదయం ఇంటిల్లిపాదీ చూసినవే.

మరింత వెనక్కి వెళదాం. తొలి తెలుగు టాకీ 1932 నాటి 'భక్త ప్రహ్లాద'. కన్నతండ్రే పసివాడిని కొండమీదినుంచి తోయించి, పాములచేత కరిపించి, ఏనుగులచేత తొక్కించబోయే కథ అది. మన తోలుబొమ్మలాటలో యుద్ధకాండ ఒక రాత్రి సంబరం. 1947లో పుట్టిన 'చందమామ'లో నెలనెలా శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడు తరతరాల పిల్లలకు ఆప్తుడు. కనుక హింస లేని బాలవినోదం అనేది మనకు ఏనాడూ లేదు.

అయితే మన పూర్వులు దానికి కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నారు. యుద్ధం, మరణం, నగరాన్ని ముట్టడించడం వంటివి రంగంమీద ప్రత్యక్షంగా చూపరాదని, పాత్రల సంభాషణ ద్వారా సూచించాలని నాట్యశాస్త్రం విధించింది. దశరూపకమూ అదే చెప్పింది. భాసుడు 'ఊరుభంగం'లో దుర్యోధనుడి మరణాన్ని రంగంమీదికే తెచ్చాడు. కాని అక్కడ ప్రేక్షకుడికి మిగిలేది గదాయుద్ధపు ఉత్సాహం కాదు, తొడలు విరిగిన తండ్రి ఒడిలో కూర్చోబోయే పసిబాలుడిని చూచిన దుఃఖం. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క నడుమనడుమ వచ్చి నవ్విస్తారు. ఇది ఆట సుమా అని పిల్లవాడికి ఆ నవ్వే గుర్తుచేస్తుంది. వీటన్నిటిలో హింసకూ చూపరికీ నడుమ ఎడం ఉంది. చంపినవాడి వీరమే కాక చచ్చినవాడి శోకమూ కథలో భాగంగా ఉంది.

2002 ప్రాంతంలో తొమ్మిదవ తరగతి పిల్లలకు నచ్చిన చలనచిత్రం గురించి వ్యాసం రాయమన్నాను. సగానికి పైగా కక్షల కథలే. సుమోలు గాలిలోకి లేవడం వర్ణించారు, ఎందరు హతులయ్యారో లెక్క చెప్పారు. కత్తి పట్టినవాడి మాటలు అక్షరం పొల్లుపోకుండా రాశారు. హతుని ఇంట ఆ రాత్రి ఏమి జరిగి ఉంటుందో ఒక్కరూ రాయలేదు. వారిలో చెడ్డపిల్లలు లేరు. ఆ కథలు వారికి ఆ ఇల్లు చూపించలేదు, అంతే.

చివరకు దుష్టుడు శిక్షింపబడతాడు కదా, నీతి ఉంది కదా అని కొందరంటారు. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వవేత్త 1961లో స్టాన్‌ఫర్డ్‌లో ఒక ప్రయోగం చేశాడు. పెద్దలు ఒక బొమ్మను కొట్టడం చూసిన పసిపిల్లలు తామూ అలాగే కొట్టారు. 1965లో ప్రచురించిన మరో ప్రయోగంలో, కొట్టినవాడికి శిక్ష పడడం చిత్రంలో చూసిన పిల్లలు తక్కువగా అనుకరించారు. కాని, చూసినది చేసి చూపితే బహుమతి ఇస్తామనగానే వారూ మిగతావారితో సమానంగా చేసి చూపారు. అంటే శిక్ష చేతిని ఆపింది, నేర్చుకోవడాన్ని ఆపలేదు. బొమ్మను కొట్టడం వేరు, మనిషిని కొట్టడం వేరు అన్న ఆక్షేపణ ఈ ప్రయోగాలపై ఉన్నది, అది సమంజసమే. అయినా, కథ చివరి నీతివాక్యం ఒక్కటే రక్షరేకు కాదని మాత్రం దీనివల్ల గ్రహించవచ్చు.

ఇక చట్టం ఎప్పుడూ వెనుకనే నడిచింది. పెద్దల తోడుతో చూడదగిన యూ/ఏ తరగతి 1983లో వచ్చింది. పిల్లలు అధికంగా చూచే వేళల్లో వారికి తగనివి ప్రసారం చేయరాదన్న కేబుల్ నియమం 1994 నాటిది. 2021లో అంతర్జాల ప్రసారాలకు, 2023లో చలనచిత్రాలకు ఏడు, పదమూడు, పదహారేళ్ల వయోవిభాగాలు ఏర్పడ్డాయి. నియమాలు మంచివే. కాని వేళను బట్టి చేసిన నియమం, వేళాపాళా లేని తెరకు ఎలా వర్తిస్తుంది?

తొంభయ్యవ దశకపు తలపోతలోని సత్యం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఆనాటి కార్యక్రమాలు నిర్మలమైనవి కావు. చూసిన పద్ధతి వేరు. ఇంటికి ఒకటే పెట్టె. కార్యక్రమానికి ఒక వేళ, తరువాయి భాగానికి వారం ఎడం. పక్కన అమ్మమ్మో, బాబాయో ఉండేవారు. భయపడిన పిల్లవాడు వారి ఒడిలో ముఖం దాచుకునేవాడు, మరునాడు బడిలో దాని గురించి వాదులాడుకునేవాడు. ఆ ఎడమే నాట్యశాస్త్రం పెట్టిన ఎడానికి ఇంటి రూపం. నిజానికి కేబులు రాకతో, రెండవ పెట్టె కొనడంతో, దానిని చెరుపుకోవడం మొదలుపెట్టినదీ ఆ దశకంలోనే.

కనుక ఆ తరంవారికి నా విన్నపం ఒక్కటే. పాత కార్యక్రమాలను వెదికి తెచ్చి పిల్లల ఫోనులో పెట్టినంత మాత్రాన ఆ బాల్యం వారికి అందదు. పిల్లవాడు ఏమి చూస్తున్నాడో కాసేపు పక్కన కూర్చుని మీరూ చూడండి. ఒకడు నేలకొరిగినప్పుడు, "వీడి ఇంట్లో ఎవరెవరు ఉంటారంటావు?" అని అడగండి. వాడు ఏమి చెప్పాడో వీలైతే నాకూ తెలియజేయండి.