తాబేలుకి దారి చెప్పిన పిల్లలు

ఈ మధ్య ఏ స్కూల్ అడ్మిషన్ కాగితం చూసినా "కోడింగ్" అన్న మాట కనిపిస్తోంది. మిడిల్ స్కూల్ నించీ కోడింగ్ ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పాక మరీను. "మనకి రాని చదువు, మనమేం అడుగుతాంలే" అని చాలామంది అమ్మలు ఫీజు కట్టేసి ఊరుకుంటారు. నిజానికి ఈ చదువు కొత్తదేమీ కాదు, దీనికి యాభై ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది. అది తెలుసుకుంటే స్కూల్లో ఏం అడగాలో కంప్యూటర్ ముట్టుకోని అమ్మకి కూడా అర్థమవుతుంది.

1960ల్లో అమెరికాలో పిల్లల చదువులోకి కంప్యూటర్ వచ్చింది మాస్టారిగా. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో పాట్రిక్ సప్పీస్ అనే ప్రొఫెసర్ చేసిన ఏర్పాటులో కంప్యూటర్ లెక్క ఇస్తుంది, పిల్లవాడు జవాబు కొడతాడు, అది తప్పో ఒప్పో చెబుతుంది. విసుక్కోని ట్యూషన్ మాస్టారన్న మాట!

అదే దేశంలో ఇంకో చివర కొందరు దీన్ని తిరగేశారు. కంప్యూటర్ పిల్లలకి నేర్పడం కాదు, పిల్లలే దానికి నేర్పితే ఎలా ఉంటుంది? ఈ ఆలోచనతో 1967లో మసాచుసెట్స్‌లో వాలీ ఫోయర్‌జైగ్, సేమర్ పాపర్ట్, సింథియా సాలమన్ కలిసి "లోగో" అనే కంప్యూటర్ భాష తయారుచేశారు. పాపర్ట్ దక్షిణాఫ్రికాలో పుట్టిన గణిత శాస్త్రవేత్త. పిల్లలు ఎలా ఆలోచిస్తారో పరిశీలించిన పియాజే దగ్గర జెనీవాలో కొన్నేళ్ళు పనిచేశాడు. సింథియా కథ మనకి ఇంకా దగ్గరగా ఉంటుంది. ఆవిడ కాలేజీలో చదివింది చరిత్ర. ఎం.ఐ.టి.లో సెక్రటరీగా పనిచేస్తూ ప్రోగ్రామింగ్ నేర్చుకుంది. ఆ తరవాత పిల్లలకి పాఠాలూ చెప్పింది. లోగో పేరు చెప్పగానే అందరూ పాపర్ట్‌నే తలుచుకుంటారు కానీ, పిల్లల పక్కన కూర్చుని దాన్ని క్లాసులో నడిపించిన వాళ్ళలో ఆవిడ ముందుంది.

మొదట్లో లోగోతో పిల్లలు మాటలూ వాక్యాలూ కూర్చేవారు. కొద్దికాలానికే తాబేలు వచ్చింది. అదొక చక్రాల బొమ్మ, కడుపులో పెన్ను ఉంటుంది. ముందుకి వంద అడుగులు వెళ్ళు, కుడికి 90 డిగ్రీలు తిరుగు అని చెబితే నేల మీద పరిచిన కాగితంపై గీత గీస్తుంది. అదే నాలుగుసార్లు చేయమంటే చతురస్రం. తరవాత ఈ తాబేలే స్క్రీన్ మీదికి చేరింది.

మరి త్రిభుజం? పుస్తకంలో కోణం 60 అని ఉంది కదా అని పిల్లలు 60 తిరగమంటారు. త్రిభుజం రాదు, నోరు తెరుచుకున్న గిన్నెలాంటి బొమ్మ వస్తుంది. అప్పుడు పిల్లని లేచి తనే తాబేలులా నడిచి చూడమంటారు. మలుపు దగ్గర నిజంగా ఎంత తిరిగిందో చూసుకుంటే తెలుస్తుంది, 60 కాదు 120 అని. మూడు 120లు 360, నాలుగు 90లూ 360. బయలుదేరిన చోటికే వచ్చి మొదట చూసినవైపే చూడాలంటే మొత్తం ఒక చుట్టు తిరగాలి. ఎర్ర ఇంకు, సున్నా మార్కులు ఏమీ లేవు. ఇలాంటి పొరపాటుని కోడింగ్‌లో "బగ్" అంటారు. బగ్ ఉంటే వెతికి సరిచేసుకోవడమే, సిగ్గుపడక్కర్లేదు. పాపర్ట్ 1980లో రాసిన "మైండ్‌స్టార్మ్స్" పుస్తకంలో గట్టిగా చెప్పింది ఇదే.

మెలికల ముగ్గు వేసే చేతులకి ఇది కొత్తగా అనిపించదు. చుక్క చుట్టూ తిరగడం, అదే మెలిక నాలుగు వైపులా మళ్ళీ వేయడం, మొదలుపెట్టిన చోటే కలపడం, ఎక్కడో తప్పితే వెనక్కెళ్ళి చూసుకోవడం. ఇది మనం ముచ్చటపడి అనుకునే పోలిక కాదు. మద్రాసులో గిఫ్ట్ సిరోమనీ, రాణీ సిరోమనీ, కమలా కృతివాసన్ ముగ్గుల వెనకున్న నియమాలని కంప్యూటర్ శాస్త్రం పద్ధతిలో రాసి 1974లో ప్రచురించారు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్ళే! తరవాత కొందరు పరిశోధకులు తాబేలు పద్ధతిలోనే ముగ్గులు గీసి చూపించారు.

ఇంత మంచి ఆలోచన బళ్ళలో ఏమైంది? 1980ల్లో చిన్న కంప్యూటర్లు వచ్చి అమెరికా స్కూళ్ళలోకి చేరాయి. అవి లెక్కల క్లాసులోనో, డ్రాయింగ్ క్లాసులోనో లేవు. ఒక గదిలో పెట్టి తాళం వేసి, "కంప్యూటర్" అని వేరే సబ్జెక్ట్ చేశారు. బడి తన పద్ధతి మార్చుకోకుండా కంప్యూటర్‌నే మార్చేసిందని పాపర్ట్ తరవాత బాధపడ్డాడు. మన దేశంలో 1984లో "క్లాస్" అనే పథకం కింద బీబీసీ మైక్రో కంప్యూటర్లు కొన్ని స్కూళ్ళకి వచ్చాయి. ఇక్కడా ఎక్కువ చోట్ల కంప్యూటర్ పీరియడ్ అంటే చెప్పులు బయట విప్పి లోపలికెళ్ళడం, సీపీయూ అంటే ఏమిటో బట్టీ పట్టడం అయింది.

తాబేలు మాత్రం చచ్చిపోలేదు. పాపర్ట్ దారిలో నడిచిన మిచెల్ రెస్నిక్ బృందం 2007లో "స్క్రాచ్" విడుదల చేసింది. రంగురంగుల దిమ్మెలు అతికించి కథలూ ఆటలూ చేసుకోవచ్చు, అదీ ఉచితంగా. ఇప్పుడు పిల్లలు నేర్చుకుంటున్న పైథాన్‌లో కూడా తాబేలు పేరుతోనే బొమ్మలు గీయించే ఏర్పాటు ఉంది.

కాబట్టి పేరెంట్స్ మీటింగుకి వెళ్ళినప్పుడు ల్యాబ్‌లో ఎన్ని కంప్యూటర్లున్నాయని అడిగి ఊరుకోకండి. ఈ టర్మ్‌లో మా అమ్మాయి సొంతంగా ఏం తయారుచేసింది, అది పనిచేయనప్పుడు సరిచేసుకోడానికి టైమ్ ఇచ్చారా, లేక బోర్డు మీదున్నది ఎక్కించుకుని మార్కులు తెచ్చుకుందా అని అడగండి. ఇంటికొచ్చాక ఆ పిల్లనే పక్కన కూర్చోబెట్టుకుని, "ఇదెలా చేశావో నాకు నేర్పవే" అనండి. నేర్పగలిగిందంటే తనకి వచ్చినట్టే.