డ్యూయల్ స్పోర్ట్ బైకు: ట్యాంకు, రేంజి
తారురోడ్డు మీదా మట్టిబాటలోనూ నడిచే చిన్న బైకు ఒక్క ట్యాంకుతో వెళ్లగల దూరమే దాని రేంజి. 2011లో వచ్చిన హీరో ఇంపల్స్ ట్యాంకు 11.1 లీటర్లు, 2019 నాటి ఎక్స్‌పల్స్ 200ది 13. హోండా సీఆర్‌ఎఫ్250ఎల్‌ది 8 లీటర్ల లోపే; బండి తేలిగ్గా, సన్నగా ఉంటేనే గుంతల్లో నిలబడి నడపడం సులువు మరి.

హైదరాబాదు పాతబస్తీ నుంచి చాంద్రాయణగుట్ట, పహాడీ షరీఫ్, కల్వకుర్తి మీదుగా శ్రీశైలం 200 కి.మీ. పైమాటే. లీటరుకు 35 చొప్పున 13 లీటర్లకు 455 కి.మీ. కాగితం మీద రానుపోను సరిపోతుంది. కానీ చార్మినార్ చుట్టుపక్కల మొదటి గేరులో పాకుతున్నప్పుడు, నల్లమల ఘాట్ ఎక్కుతున్నప్పుడు మైలేజీ పడిపోతుంది. పైగా ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ కాబట్టి ఇథనాల్ కలిసిన ఈ20 ఇంధనం ఇంకాస్త కోత పెడుతుంది. మన్ననూరు దాటితే అడవి. అక్కడి చెక్‌పోస్టు రాత్రి 9కి మూస్తారు. అడవిలోకి వెళ్లే ముందే పెట్రోలు పోయించుకోవడం మేలు.

కార్బురేటర్ బండ్లలో ట్యాంకు కింది కుళాయిని రిజర్వ్‌కు తిప్పితే అడుగు పెట్రోలు దిగేది. ఇంజెక్షన్ బండ్లలో ఆ కుళాయి లేదు, మీటరులో గుర్తు మిణుకుమనడమే. సైడ్ స్టాండు మీద వాల్చి పోయిస్తే ట్యాంకు పూర్తిగా నిండదు.